దంతెల మీద నీళ్లు

తమ్ముడు: అక్కా, నా మాట ముందే చెప్త. మీ మంథని ఇంట్ల మీది అర్రకు కింద ఉన్నది స్లాబు కాదు. టేకు దంతెలు, వాటి మీద చెక్కలు, చెక్కల మీద ఆరంగుళాల మట్టి, మట్టి మీద సున్నపు గచ్చు. మనుషులు పండుకునేటందుకు, వడ్ల బస్తాలు పెట్టుకునేటందుకు కట్టిన నేల అది. దాని మీద బాత్రూం వద్దు. కావాలంటె ఇంటి వెనుక వేరే పునాది తీసి, నాలుగు పిల్లర్లు లేపి, మీది అర్రకు అందేటట్టు బాత్రూం కడదాం. పాత ఇంటి మీద ఒక్క కిలో బరువు పడదు, ఒక్క చుక్క నీళ్లు పడవు.

అక్క: ఇది సోకు కోసం అడుగుత లేను తమ్మీ. అత్తమ్మకు ఎనభై దాటినయి. కింది అర్రలల్ల నెమ్ము, వానకాలం వస్తె గోడలు చెమ్మ కొడుతయి. అందుకే ఆమె మీదనే పండుకుంటది. రాత్రి లేస్తె ఆ నిటారు కట్టె మెట్లు దిగాలె, చీకట్ల దొడ్డి దాక నడువాలె. 2022 జూలైల గోదావరి పొంగి మంథనిల నీళ్లొచ్చినప్పుడు ఇంటిల్లిపాది మీదికే ఎక్కినం. పొయ్యి మీదికి తెచ్చుకున్నం, బియ్యం తెచ్చుకున్నం, తాగే నీళ్లు తెచ్చుకున్నం. లెట్రిన్ ఎట్ల తెచ్చుకుంటం? మొగోళ్లు ఎట్లనో గడుపుకున్నరు. అత్తమ్మ తిండి తగ్గించింది, నీళ్లు తాగుడు బంద్ పెట్టింది. నది ఒడ్డున ఉన్న ఊర్ల మీది అంతస్తుల బాత్రూం ఎందుకని అడుగుతవా?

తమ్ముడు: ఎందుకని అడుగుత లేను. ఎక్కడ అని అడుగుతున్న. నువ్వు వరద మాట తీసినవు కాబట్టి అదే పట్టుకుందాం. ఆ దినం మీద బాత్రూం ఉన్నా దాని పైపు ఎటు పోతది? దొడ్డిల ఉన్న సెప్టిక్ ట్యాంకుకు. ఆ ట్యాంకు అప్పటికే వరద నీళ్లతోటి నిండి ఉంటది. మీద నుంచి పోసింది మూత సందుల నుంచి బయటికొచ్చి, జనం నడిచే నీళ్లల్లనే కలుస్తది. కింది లెట్రిన్ సుత అదే పైపుకు కలిసి ఉంటె అండ్ల నుంచి ఎగదన్నుతది.

అక్క: నువ్వు చెప్పే పిల్లర్ల బాత్రూం పైపు వేరే ట్యాంకుకు పోతదా? అది సుత గా ట్యాంకుకే కదా? ఆ తప్పు నా దానికే ఎట్ల అంటగడుతవు? మీది పైపు, కింది పైపు వేరు వేరుగ దించాలె. కింది దానికి నీళ్లు ఎనుకకు రాకుండ వాల్వు బిగియ్యాలె. ట్యాంకు మూతను ఎత్తు చేసి, సందు లేకుండ సీలు చెయ్యాలె. రెండు తీర్ల కట్టినా ఈ పని తప్పది.

తమ్ముడు: నిజమే, అది ఇద్దరికి సమానం. పక్కకు పెడుత. బరువు లెక్క చూద్దాం. అయిదు ఫీట్ల వెడల్పు, ఏడు ఫీట్ల పొడుగు బాత్రూం అనుకో, ముప్పై అయిదు చదరపు అడుగులు. మన దగ్గర మేస్త్రీలకు ఒక్కటే పద్ధతి అలవాటు. పైపులు దాచేటందుకు ఫీటు లోతు గుంత విడిచి, పైపులు పరిచినంక ఇటుక ముక్కలు, ఇసుక, సిమెంటు పోసి నింపుతరు. ఆ నింపుడు ఒక్కటే టన్నున్నర దాటుతది. రెండు దిక్కుల నాలుగున్నర అంగుళాల ఇటుక గోడ ఏడు ఫీట్ల ఎత్తు లేపి, రెండు మొఖాల ప్లాస్టరింగ్ చేస్తె ఇంకో రెండు టన్నుల దగ్గరికొస్తది. ఇంకా బండలు వెయ్యలేదు, నీళ్ల డ్రమ్ము పెట్టలేదు. దంతెల మీద మూడున్నర టన్నులు పెట్టి, మీ అత్తమ్మను అండ్ల కూసోబెడుతవా?

అక్క: స్లాబు ఇంటికి చేసే పద్ధతిని తెచ్చి కట్టె ఇంటి మీద పెడితె ఎవలన్న వద్దంటరు. నేను సుత వద్దంట. కాని నువ్వు ఎక్కేది లెక్కపెట్టినవు, దిగేది లెక్కపెట్టలేదు. ఇప్పుడు ఆ నేల మీద ఆరంగుళాల మట్టి ఉన్నది. ఆ ముప్పై అయిదు చదరపు అడుగులల్ల ఉన్న మట్టి బరువెంత?

తమ్ముడు: ఎండిన మట్టి, మంచిగ దిమ్మిస కొట్టిందైతె చదరపు మీటరుకు రెండు వందల యాభై కిలోల దాక ఉంటది. అంత జాగకు ఎనిమిది వందల కిలోలు అనుకో.

అక్క: ఆ ఎనిమిది వందల కిలోలు ఆ దంతెలు మా మామ తాత నాటి నుంచి మోస్తున్నయి. మట్టిని చెక్కల దాక తీసేస్త. దాని జాగల సిమెంటు బోర్డు రెండు పొరలు పరిచి, దాని మీద నీళ్లు ఇంకని పూత, ఆ పూత మీద పల్చటి టైల్స్ జిగురుతోటి అతికిపిస్త. కంకర లేదు, ఇసుక లేదు. నేల మొత్తం రెండు వందల కిలోలు కాదు. గోడలకు ఇటుక వద్దు. సన్న ఇనుప ఫ్రేము కట్టి, దానికి సుత సిమెంటు బోర్డే బిగిస్త. లోపలి దిక్కు టైల్స్ కలుపుకున్నా అయిదు వందల లోపలనే అయితది. ఇప్పుడు చెప్పు, నా బాత్రూం ఆ నేల మీద బరువు పెంచుతున్నదా, తగ్గిస్తున్నదా?

తమ్ముడు: ఈ లెక్క నీకు ఎవలు చెప్పిన్రు?

అక్క: ఎవలు చెప్తె ఏంది? తప్పైతె తప్పని చెప్పు.

తమ్ముడు: తప్పు కాదు. లోపల వాడే మనుషుల బరువు, నీళ్ల బరువు సుత నీ దిక్కే ఉన్నది. ఇండ్లకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 875 పడుకునే గదికి ఎంత బరువు లెక్కకట్టమంటదో, బాత్రూంకు సుత అంతే లెక్కకట్టమంటది: చదరపు మీటరుకు రెండు కిలోన్యూటన్లు, అంటె ఇన్నూరు కిలోల పైచిలుకు. బాత్రూం అంటె బరువు అనేది సగం భ్రమ, బరువంత మనం పోసే కంకరల, లేపే ఇటుక గోడల ఉంటది. కాని రెండు మాటలున్నయి. మట్టి బరువు నేలంత సమానంగ పరుచుకొని ఉన్నది. నీ గోడ బరువు ఒక్క గీత మీద పడుతది. ఆ గీత ఒక్క దంతె మీదనే పడితె, మొత్తం తగ్గినా ఆ దంతెకు పెరుగుతది.

అక్క: గోడ వచ్చే కాడ ఆ దంతెకు జోడు దంతె కలిపి బోల్టులు బిగిద్దాం. ఆదిలాబాద్ టేకు, పాత ఇండ్లు విప్పిన కాడ ఎండి రాయి లెక్క అయినవి దొరుకుతయి. పచ్చి కట్టె వద్దు, ఎండినంక వంకర పోతది. రెండో మాటేంది?

తమ్ముడు: రెండోది అసలు మాట. విరుగుడు ఒకటి, వంగుడు ఒకటి. మంచి టేకు దంతె ఊరికె విరగది. కాని వంగుతది. పన్నెండు ఫీట్ల దంతె ఒక అంగుళం వంగితె పండుకున్నోళ్లకు తెల్వది, గచ్చుల సన్న పగులొస్తె సున్నంతోటి పూస్తరు. టైల్స్ కు అట్ల నడువది. కలపకు ఉన్న మన ప్రమాణం ఐఎస్ 883 పగిలే సామానును మోసే దంతె తన పొడుగుల మూడు వందల అరవయ్యో వంతు కంటె ఎక్కువ వంగొద్దంటది. పన్నెండు ఫీట్లకు అది పది మిల్లీమీటర్లు. ఇప్పుడు నీ అర్రల పిల్లలు ఎగిరితె బీరువ అద్దం ఊగుతది. ఆ ఊగుడు మీద టైల్స్ వేస్తె సందుల సిమెంటు రాలుతది, పూతకు చీలిక పడుతది, నీళ్లు కట్టెకు దిగుతయి. నేల కూలుతదని నేను భయపడుత లేను అక్కా. నేల కదులుతదని భయపడుతున్న.

అక్క: అందుకే కదా ముందు నేలను గట్టి చెయ్యాలె అంటున్న! బాత్రూం పని తర్వాత. దంతెల నడిమిట్ల, కింద నుంచి అడ్డంగ ఒక ఇనుప గర్డర్ పెడితె పన్నెండు ఫీట్లది ఆరు ఫీట్లు అయితది కదా. వంగుడు ఎంత తగ్గుతది?

తమ్ముడు: సగానికి సగం కాదు. వంగుడు పొడుగుకు నాలుగో ఘాతం లెక్కన నడుస్తది. పొడుగు సగమైతె వంగుడు పదహారో వంతుకు దిగుతది. పది ఫీట్ల వెడల్పు అర్రకు ఆరంగుళాల ఐ గర్డర్ సరిపోతది. మీటరుకు పదిహేను కిలోలు, ఇద్దరు మనుషులు లేపి పెడుతరు. దంతెల మీద దంతెలు పేర్చేకంటె, మందం పెంచేకంటె, ఈ ఒక్క పని ఎక్కువ. ఇది నీ పక్షంల అన్నిటికంటె గట్టి మాట, నేనే చెప్తున్న. అయితె పెట్టేటోళ్లు ఒక తప్పు చేస్తరు. దంతెలు ఏండ్లకొద్ది బరువు మోసి ఒంపు తిరిగి ఉంటయి. జాకీ పెట్టి వాటిని చక్కగ చేస్తమని ఎత్తుతరు. ఆ ఒంపు కట్టెకు స్వభావం అయింది, ఎత్తితె చీలుతది, మీది గోడ ప్లాస్టరింగ్ పగులుతది. గర్డర్ ను దంతెల కింద ఆనించి, సందు ఉన్న కాడ ఇనుప పలకలు గట్టిగ జొప్పియ్యాలె, అంతే. ఒంపు ఒంపు లెక్కనే ఉండనియ్యాలె.

అక్క: మరి ఇంకేం? నా పని నువ్వే చేసి పెట్టినవు.

తమ్ముడు: ఆగు. గర్డర్ బరువును మాయం చెయ్యది, జాగ మారుస్తది. దంతెలు తమ బరువును రెండు గోడల పొడుగంత పంచినయి. గర్డర్ నేల బరువుల సగం కంటె ఎక్కువ గుంజుకొని, రెండు కొసలల్ల దింపుతది. ఒక్కో కొసకు టన్ను పైన. ఆ కొస ఆనేది మీ గోడ మీద, మట్టి అడుసుతోటి కట్టిన రాతి, ఇటుక గోడ. జానెడు జాగల టన్ను దిగితె అడుసు నలుగుతది, వానకాలం నెమ్ము ఎక్కినప్పుడు ఇంకా మెత్తబడుతది. 2022ల ఆ గోడలు నీళ్లల్ల నిలబడ్డయి. మీదికి మంచిగనే కనబడుతయి, లోపల అడుసు కొంత కొట్టుకపోయి ఉంటది.

అక్క: గర్డర్ కొసల కింద బండ పెడుతరు. కరీంనగర్ జిల్లాల గ్రానైట్ కు కొదువనా? ఫీటున్నర పొడుగు దిమ్మె ఒకటి గోడల పొదిగి, దాని మీద గర్డర్ ను పెడితె బరువు అంత వెడల్పు పరుచుకుంటది. అది సుత నమ్మకం లేకపోతె, గోడకు ఆనిచ్చి కింది నుంచి రెండు ఇనుప కంబాలు లేపుదాం, వాటికి వేరే పునాది వేద్దాం. అప్పుడు పాత గోడ మీద గర్డర్ బరువే ఉండది.

తమ్ముడు: కంబాలే మంచివి. దిమ్మె పొదుగుటానికి మట్టి గోడను తొలిస్తె, తొలిచిన కాడి నుంచి పై వరుసలు జారుతయి. కాని కంబాల పునాది కోసం తవ్వేటప్పుడు పాత గోడ పునాది కంటె లోతుకు పోవద్దు, దాన్ని ఆనుకొని తవ్వొద్దు.

అక్క: ఇప్పుడు నన్ను అడుగనియ్యి. పునాది మాట నువ్వే తెచ్చినవు. నీ నాలుగు పిల్లర్లకు పాత గోడ పక్కననే కదా తవ్వేది? గర్డర్ కంబాలకు వద్దన్న తవ్వుడు నీ బాత్రూంకు ఎట్ల ఒప్పుతది? ఇంకోటి. మా చిన్నాయన వాళ్లది ఆదిలాబాద్ దిక్కు, నల్లరేగడి భూమి. ఎండకాలం చెయ్యి పట్టేంత నెర్రెలు, వానకాలం ఉబ్బుడు. అక్కడ పాత ఇంటికి అతికిచ్చి కొత్త అర్ర ఏసినోళ్లను చూడు. రెండేండ్లు తిరుగకముందే అతుకు కాడ పైనుంచి కిందిదాక చీలిక. పాత ఇల్లు కూసోవలసినంత కూసున్నది, కొత్తది ఇప్పుడు కూసుంటది. రెంటికి పొత్తు కలువది. వాన నీళ్లు ఆ చీలికల నుంచి దిగి పాత గోడ లోపలికే పోతయి. పాత ఇంటి మీద చుక్క పడదంటివి, ఇది చుక్క కాదా?

తమ్ముడు: నువ్వు చెప్పింది జరుగుతది, ఎందుకంటె అతికిస్తరు కాబట్టి. నేను అతికియ్య. పిల్లర్లను పాత గోడకు మూడు నాలుగు ఫీట్ల దూరం తీస్త. రేగడి ఉంటె అది దాటి గట్టి మొరం తగిలే దాక గుంత తీస్త. పాత ఇంటికి, కొత్త దానికి నడుమ అంగుళం సందు విడిచి, చిన్న వంతెన లెక్క స్లాబు ముక్క కొత్త దాని నుంచే చాపుత. పాత గోడకు ఆనది. సందు మీద రేకు కప్పుత, రేకు ఒక్క దిక్కే బిగిస్త. రెండు ఇండ్లు తమ ఇష్టం వచ్చినట్టు కూసోవచ్చు.

అక్క: తలుపు?

తమ్ముడు: ఏం తలుపు?

అక్క: మీది అర్ర నుంచి నీ వంతెన మీదికి పోవాలంటె వెనుక గోడకు తలుపు కొట్టాలె కదా. అడుసు గోడల మూడు ఫీట్ల వెడల్పు, ఆరు ఫీట్ల ఎత్తు రంధ్రం. ఆ గోడ మీదనే ఇంటి కప్పు దూలం ఉన్నది. ఒక పైపుకు అయిదంగుళాల తూటు కొట్టుటానికి నేను భయపడుతున్న, నువ్వు దర్వాజ కొడుతనంటున్నవు.

తమ్ముడు: వెనుక గోడకు కిటికీ ఉన్నది. దాని మీద బండ ఉన్నది, ఆ బండ ఇప్పటికే పై గోడను మోస్తున్నది. కిటికీ తీసి, దాని అడుగు గోడను నేల దాక దించుత. వెడల్పు పెంచ, మీది బండను ముట్ట. గోడ మీద బరువు పోయే తొవ్వ మారది.

అక్క: అది నేను తలువలేదు. మంచిగున్నది. కిటికీ వెడల్పు రెండున్నర ఫీట్లే, అయినా అత్తమ్మ చేతికర్రతోటి పోవచ్చు. కాని వానల, రాత్రిపూట వంతెన మీదికెళ్లి పోవాలె. తడి నేల, మీద రేకు ఉన్నా పక్క నుంచి జల్లు కొడుతది. మెట్లల్ల పడుతదని మొదలుపెట్టిన పని ఇది. పడే జాగను మెట్ల నుంచి వంతెనకు మార్చినట్టు కావొద్దు.

తమ్ముడు: రెండు దిక్కుల గోడ కడుత, మూసేస్త. అది పెద్ద పని కాదు. నా దిక్కు నిజంగ ఉన్న కష్టం జాగ. ఇంటి వెనుక ఉన్న బావికి, పక్కోళ్ల గోడకు నడుమ పిల్లర్లు పట్టే జాగ సరిగ్గ ఉన్నదో లేదో టేపు పట్టి చూడాలె. పాత మంథని గల్లీలల్ల ఇండ్లు ఒకదానికొకటి ఆనుకొని ఉన్నయి, చాలా మందికి నా ఉపాయం నడువనే నడువది. అది ఒప్పుకుంట. వాళ్లకు నీ దారే దిక్కు.

అక్క: మరి వాళ్లకు నువ్వేం చెప్తవు? వద్దనా?

తమ్ముడు: వద్దని చెప్పలేను. ముందు తెలుసుకోండ్రి అని చెప్త. పైపు సంగతే చూడు. కమోడ్ పైపు నాలుగంగుళాల పైన లావు. దంతె లోతు ఆరంగుళాలు. దంతెలకు అడ్డంగ పైపు పోవాలంటె దంతెను కొయ్యాలె. ప్లంబరు కొస్తడు, ఆయనకు పైపే కనబడుతది. కట్టెకు అడుగు దిక్కు గుంజుడు, మీది దిక్కు ఒత్తుడు ఉంటది. అడుగున నడిమిట్ల రెండంగుళాలు కోస్తె, బలం సగం కంటె ఎక్కువ పోతది. కట్టె బలం లోతు వర్గం మీద ఆధారపడుతది కాబట్టి ఆరుల నాలుగే మిగిలితె, ముప్పై ఆరుల పదహారే మిగులుతది. ఆ మీద పైపుకు వాలు సుత కావాలె. పది ఫీట్లకు మూడంగుళాలు దిగాలె.

అక్క: అందుకే కమోడ్ ను బయటి గోడకు ఆనిచ్చి పెడుత. ఎనుక నుంచి గోడలకే పైపు పోయే రకం ఉంటది కదా, పీ ట్రాప్. ఒక్క దంతెను ముట్టేది లేదు. స్నానం నీళ్లు దిగే నాని ట్రాప్ సుత గోడ పక్కననే, రెండు దంతెల నడుమ. నేలంత అటే వాలు. ఇంకోటి విను. మట్టి తీస్తె ఆరంగుళాల లోతు దొరుకుతది. ఆ లోతులనే పైపు వాలు, ట్రాపు, నేల వాలు అన్ని సరిపోతయి. బాత్రూం నేల అర్ర నేలకు సమానంగనే ఉంటది, గడప లేదు, మెట్టు లేదు. అత్తమ్మ కాలు తగిలి పడేది లేదు.

తమ్ముడు: ఆ ఒక్క మాటతోటి నువ్వు సగం గెలిచినవు అక్కా. మట్టి మందమే పైపుకు జాగ. నేను ఇన్ని ఇండ్లు చూసిన, ఎవలు ఇట్ల ఆలోచన చెయ్యంగ చూడలేదు. అందరు మట్టి మీదనే కంకర పోస్తరు, మెట్టు లేపుతరు.

అక్క: సగమే ఎందుకు?

తమ్ముడు: ఎందుకంటె ఇప్పటిదాక మనం బరువు, వంగుడు, జాగ మాట్లాడినం. అవన్ని లెక్కకు దొరుకుతయి. నీళ్లు లెక్కకు దొరుకవు. మన స్నానం చెంబు స్నానం. నేల నాలుగు మూలలు తడుస్తయి, గోడ నడుము దాక తడుస్తది, పండుగ దినం ఇంటిల్లిపాది వరుసగ చేస్తె నేల పొద్దంత ఆరది. ఎంత మంచి పూత పూసినా దానికి ఆయుస్సు ఉంటది. పదేండ్లకో పదిహేనేండ్లకో చీలుతది. టేకు ఆయుస్సు వందేండ్లు. వందేండ్ల కట్టెను పదేండ్ల పూతకు అప్పజెప్తున్నవు. ఎక్కడ చీలుతది? ట్రాపు అంచు కాడ, గోడ నేల కలిసే కాడ. నువ్వు తెలివిగ ట్రాపును గోడ పక్కన పెట్టినవు. దంతె కొస గోడలకు పోయేది సుత అక్కడనే. అడుసు గోడ లోపల, గాలి తగులని కాడ దంతె కొస ఉంటది. ఆ కొసకు నెమ్ము ఎక్కి కట్టెల తేమ నూటికి ఇరవై దాటి నిలిస్తె బూజు పడుతది, మెత్తబడితె చెదలు వస్తది. టేకు చేవ అయితె కొంత తట్టుకుంటది, పైపొర తట్టుకోది. నడిమిట్ల గర్డర్ ఉన్నది కాబట్టి నేల ఊగది, చప్పుడు చెయ్యది. కొస లోపల కుళ్లుతున్నా నేల గట్టిగనే ఉన్నట్టు అనిపిస్తది. నువ్వు బలం చేసినందుకే జబ్బు దాగుతది.

అక్క: ఇది భయపడే మాటనే. దీనికి నా దగ్గర లెక్క లేదు, కాపలా ఉన్నది. కింది నుంచి దంతెలు కనబడుతయి. అందరు బాత్రూం కింద పైపులు కనబడొద్దని సీలింగ్ కొట్టిస్తరు. నేను కొట్టియ్య. చుక్క దిగితె కట్టె మీద మరక పడుతది, కింద నడిచేటోళ్లకు కనబడుతది. అందుకే దేవునర్ర మీద కాదు, వంటింటి మీద కాదు, నడవ మీద పెడుదామన్న. అత్తమ్మకు మైల పట్టింపు, నాకు చుక్క పట్టింపు. ఇద్దరికి నడవనే నచ్చింది. ఇంక పూత వేసినంక ట్రాపు మూసి, రెండు దినాలు నీళ్లు నిలిపి కింద నుంచి చూడకుండ టైల్స్ వెయ్యనియ్య. ఆ నీళ్లు రెండంగుళాలకు మించి నింపనియ్య, అది సుత బరువే.

తమ్ముడు: మరక గోడ లోపల పడితె? దంతె కొస గోడలకు ఎనిమిది అంగుళాలు పోయి ఉంటది. నీకు కనబడేది మిగిలిన పొడుగే.

అక్క: ట్రాపు ఉన్న గోడకు దంతె కొసలు రాకుండ పెట్టుకోవాలె. దంతెలు తూర్పు పడమర పరిచి ఉన్నయి. ఉత్తరం గోడకు వాటి పక్క తప్ప కొస తగులది. కమోడ్, ట్రాపు, నల్లాలు అన్ని ఉత్తరం గోడకు.

తమ్ముడు: అది నడుస్తది. చాలా వరకు నడుస్తది. కాని కాపలా అన్నవు కదా, ఎవలు కాస్తరు? నువ్వు కాస్తవు, నమ్ముత. నీ తర్వాత? పిల్లలు ఒకడు హైదరాబాద్, ఒకతె అమెరిక. రేపు ఇల్లు కిరాయికిస్తరు. కిరాయోళ్లు మరక చూసి సున్నం కొడుతరు. నా పిల్లర్ల బాత్రూం కారినా కాంక్రీటు మీద కారుతది, సలాక తుప్పు పట్టుటానికి ఏండ్లు పడుతది, కూలినా పాత ఇల్లు మిగులుతది. నీది కారితె ఇల్లే పోతది. నేను వేసే పందెం నీ మీద కాదు అక్కా, నువ్వు లేని దినం మీద.

అక్క: నేను లేని దినం ఈ ఇంట్ల ఎవలు ఉంటరో ఆలోచించు. మీది అంతస్తుల బాత్రూం లేని పాత ఇంట్ల ఎవలుంటరు? ఎవలు ఉండరు. ఊర్ల ఎన్ని ఇండ్లు చూస్తలేము? పిల్లలు వచ్చి రెండు దినాలు ఉండి, లెట్రిన్ కు మెట్లు దిగలేమని పోతరు. తర్వాత తాళం. తాళం పడ్డ ఇంటి కప్పు వానకు ఏడాదిలనే కారుతది, చెప్పెటోళ్లు ఉండరు. అప్పుడు దంతెలను ఊడబీకి టేకు లెక్కన అమ్ముతరు, జాగల స్లాబు లేపుతరు. నువ్వు నీళ్లకు భయపడుతున్నవు, నేను తాళానికి భయపడుతున్న. మనుషులు ఉన్న ఇంట్లనే మరక చూసేటోళ్లు ఉంటరు.

తమ్ముడు: దానికి నా దగ్గర జవాబు లేదు. పిల్లర్ల బాత్రూం ఉన్నా మనుషులు ఉంటరు అని మాత్రం అంటున్న, జాగ దొరికితె. ట్యాంకు సంగతి చెప్పు. వెయ్యి లీటర్ల ట్యాంకు అంటె టన్ను. బాత్రూం కప్పు మీద పెట్టే ఆలోచన ఉన్నదా?

అక్క: లేదు. బావి పక్కన ఇనుప స్టాండు మీద, భూమి మీద. మీద బాత్రూంల ఒక్క బకీటు, ఒక్క చిన్న డ్రమ్ము. అది తేలిపోయింది.

తమ్ముడు: మంచిది. అయితె నేను ఒకటే అడుగుత, అది అయినంకనే ఏ పని అయినా. దంతెల కొసలు చూడాలె. గోడ కాడ ప్రతి కొస పక్కన ప్లాస్టరింగ్ కొంచెం గీకి, స్క్రూ డ్రైవర్ గుచ్చి చూడాలె. చేవ అయితె దిగది, మెత్తబడితె పిడి దాక దిగుతది. సుత్తితోటి కొట్టి చప్పుడు వినాలె. కట్టె పనోణ్ని ఒకణ్ని, మట్టి గోడలు తెలిసిన మేస్త్రీని ఒకణ్ని పిలువాలె, స్లాబు సెంట్రింగ్ వాళ్లను కాదు. 2022 వరద నీళ్లు గోడలల్ల ఎక్కడి దాక ఎక్కినయో కింద పునాది కాడ గీకి చూడాలె. అది చూడకముందు గర్డర్ కొనొద్దు.

అక్క: చూద్దాం. ఎండకాలంల కాదు, వానలు పడినంక చూద్దాం. ఎండకాలం అన్ని కట్టెలు గట్టిగనే ఉంటయి.

తమ్ముడు: అది సుత సరైన మాటనే. మరి ఏడు దంతెలల్ల ఒకదాని కొస మెత్తగ దొరికిందనుకో. నేను దాన్ని ఇల్లు చెప్పే కబురు అనుకుంట. ఆ గోడల నెమ్ము ఉన్నది, ఇయ్యాల ఒకటి, రేపు ఇంకోటి. అప్పుడు మీద నీళ్లు పెట్టనియ్య.

అక్క: నేను ఆ ఒక్కదాన్ని మార్పిస్త. పక్కన కొత్త దంతె ఏసి, దాని కొసను గోడలకు పెట్టకుండ ఇనుప చెప్పు మీద ఆనిచ్చి, గాలి తగిలేటట్టు చేస్త. ఆరు మంచిగున్నయి కదా.

తమ్ముడు: ఆరు మంచిగున్నయని ఎట్ల అంటవు, గుచ్చి చూసిన కాడ మంచిగున్నయి.

అక్క: ఒకటి చెడిపోయిందని ఎట్ల అంటవు, గుచ్చిన కాడనే చెడిపోయింది.

తమ్ముడు: రెండు దొరికితె?

అక్క: రెండు దొరికితె అప్పుడు టేపు పట్టుకొని బావి కాడికొస్త.